నడచివచ్చు అలమారలు

పంట పండించుట యొక విద్య. పండిన దానిని దాచుట మఱియొక విద్య. పూర్వము మన పల్లెలలో ధాన్యమును పాతరలయందును గాదెలయందును నిలువచేసెడివారు. గాదెలో నుండునది ఒకే వస్తువు. కావున దానిలో వెదకవలసిన పని లేదు. కిరాణా అంగడి సంగతి వేఱు. అచ్చట చింతపండు, జీలకఱ్ఱ, సబ్బులు, అగ్గిపెట్టెలు, దారపుండలు మొదలైనవి వందల రకములుండును. అయినను అనుభవముగల అంగడివాడు కూర్చున్న చోటు కదలకయే, ‘పైయరలో ఎడమ ప్రక్క, నూనెడబ్బా వెనుక’ అని గుమాస్తాకు చెప్పగలడు. ఏ సరకు ఎచ్చట నున్నదో అతని మనస్సునకు తెలియును.

ఆ అంగడి వేయిరెట్లు పెరిగినదని యూహింపుడు. ఊరంత కట్టడము, అందులో లక్షలకొలది వస్తువులు, దినదినమును వేలకొలది ఆర్డరులు. ఇంత సరకును ఏ యొక్కని మనస్సును గుర్తుంచుకొనజాలదు. ఇట్టి గిడ్డంగులు నేడు పెక్కు దేశములలో మహానగరముల వెలుపల వెలసియున్నవి. ఇంట కూర్చుండి ఫోనుమీద ఒక పుస్తకమునో, ఒక దువ్వెననో కోరినవారికి మఱునాడే అది గుమ్మము చేరుచున్నది. కోరుటకును చేరుటకును నడుమ, ఎవరో యొకరు ఆ దువ్వెనను వెదకి తీయవలెను గదా!

గిడ్డంగిపనిలో కష్టమైనది బరువు లెత్తుట యని తలంచుట సహజము. కాని బరువు లెత్తుటకు యంత్రములు వచ్చి చాల కాలమైనది. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యముల సామగ్రిని చెక్కపలకలమీద పేర్చి, ముందువైపు రెండు ఇనుపకొమ్ములుగల ఫోర్కులిఫ్టు బండ్లతో ఎత్తుట విరివిగా సాగెను. 1962లో జర్మనీయందలి గ్యూటర్‌స్లో పట్టణమున బెర్టెల్స్‌మాన్ అను పుస్తకప్రచురణసంస్థ కొఱకు మిక్కిలి ఎత్తైన గిడ్డంగి యొకటి నిర్మింపబడెను. అందు ఇనుపచట్రములు వరుసలుగా నిలిచెను. వాని నడుమ పట్టాలమీద తిరుగు క్రేను సరకు నింపిన పలకలను పైకెత్తి చేర్చుచు, క్రిందికి దింపుచు నుండెడిది. పలకకు పలకయే కావలెనన్నవారికి ఈ యేర్పాటు చాలును. ఆ పలకమీదనున్న వందల పుస్తకములలో ఒక్కటి మాత్రమే కావలెనన్నచో, మనిషి పోయి తీయవలసినదే.

ఆ ‘పోయి తీయుట’లోనే చిక్కు కలదు. పనివాని చేతికి ఒక జాబితాను, త్రోయుటకు ఒక బండిని ఇత్తురు. అతడు ఒక వరుసలో దువ్వెనను, నాలుగు వరుసల అవతల పుస్తకమును, మఱియొక మూలనుండి గొడుగును తీసికొని రావలెను. వస్తువును తీయుటకు పట్టునది రెండు మూడు క్షణములు. దానికడకు నడచుటకు పట్టునది అంతకంటె చాల యెక్కువ. పెద్ద గిడ్డంగులలో ఇట్లు దినమునకు పది, పదునైదు కిలోమీటరులు నడచువారు కలరు. వారి పనికాలములో ఇంచుమించు సగము నడకకే చెల్లిపోవుచుండెను. యజమాని కూలి యిచ్చుచున్నది వస్తువులను తీయుటకు, జరుగుచున్నది నడక.

ఈ నడకను తప్పించుటకు మొదట చేసిన ప్రయత్నములలో ఒకటి ఘోరముగా విఫలమయ్యెను. అమెరికాలో వెబ్‌వాన్ అను సంస్థ 1999 జూన్‌లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున కూరగాయలు, పాలు, పప్పులు మొదలగువానిని ఇంటింటికి చేర్చు వ్యాపారము నారంభించెను. ఓక్లండులోని దాని గిడ్డంగిలో మైళ్లకొలది పొడవుగల కన్వేయరు బెల్టులు వేయబడెను. పెట్టెలు ఆ బెల్టులమీద ప్రయాణముచేసి పనివారిని చేరెడివి. ఆ గిడ్డంగి దినమునకు 8,000 ఆర్డరులను తీర్చునట్లు కట్టబడినది. వచ్చిన ఆర్డరులు అందులో కొంతభాగము మాత్రమే. అయినను అట్టి గిడ్డంగులను మఱి పెక్కు నగరములలో కట్టుటకు, నూఱుకోట్ల డాలర్ల ఒప్పందము జరిగెను. బెల్టు ఒకసారి బిగించినచోటనే యుండును. వ్యాపారము తగ్గినప్పుడు అది పొట్టిది కాదు, పెరిగినప్పుడు పొడవు కాదు. ఒకచోట తెగినచో దానిమీద నాధారపడిన పనియంతయు నిలిచిపోవును. 2001 జూలైలో వెబ్‌వాన్ దివాలా తీసెను.

ఆ సంస్థలో పనిచేసినవారిలో మిక్ మౌంట్జ్ అను ఇంజనీరు ఒకడు. సంస్థ కూలినను అతనికి ఆ ప్రశ్న వదలలేదు. మనిషి వస్తువుకడకు పోవుట కష్టము. వస్తువును బెల్టుమీద మనిషికడకు పంపుట ఖరీదు. అట్లయినచో వస్తువు ఉన్న అలమారయే లేచి మనిషికడకు నడచివచ్చిన నేమి? వినుటకు ఇది పిల్లల కథలోని మాటవలె నున్నది. కాని 2003లో అతడు ఈ ఊహతోనే కివా సిస్టమ్స్ అను సంస్థను స్థాపించెను. రఫాయెల్లో డాండ్రేయా, పీటర్ వుర్మన్ అను ఇరువురు ఆచార్యులు అతనికి తోడైరి. వీరిలో డాండ్రేయా అంతకుముందు కార్నెల్ విశ్వవిద్యాలయమున విద్యార్థులతో కలిసి చిన్నచిన్న రోబోల చేత ఫుట్‌బాలు ఆడించి, అంతర్జాతీయ పోటీలలో పలుమార్లు గెలిచినవాడు. ఒకదానినొకటి ఢీకొనకుండ పలు యంత్రములను ఒకే మైదానమున పరుగెత్తించు విద్య ఆ ఆటలో నలవడినదే.

రోబోను తెలుగున మరమనిషి యందురు. కివా రోబోకు మాత్రము ఆ పేరు తగదు. దానికి చేతులు లేవు, మొగము లేదు. అది నారింజరంగుగల ఒక పీటవంటిది; ఎత్తు మనిషి మోకాలికి తక్కువ. సరకులు అమర్చిన అలమారలు నాలుగు కాళ్లమీద వరుసలుగా నిలిచియుండును. పీట ఆ కాళ్ల నడుమ నుండి దూఱి, కావలసిన అలమార క్రిందికి చేరును. దాని నెత్తిమీద ఒక పళ్లెమున్నది; పళ్లెము క్రింద పెద్ద మరచుట్టు కలదు. పీట నిలిచినచోటనే గుండ్రముగా తిరుగగా మరచుట్టు పైకి లేచి, అలమారను నేలనుండి కొంచెము ఎత్తును. క్రింద పీట గిరగిర తిరుగుచున్నను పైనున్న అలమార తిరుగదు. మోటారు కారును ఎత్తు జాకీని చూచినవారికి ఈ కిటుకు సులభముగా బోధపడును. ఇట్లు ఆ చిన్న పీట దాదాపు 450 కిలోల బరువును మోసికొని పోగలదు.

దానికి పట్టాలు లేవు, దారిచూపు తీగలు లేవు. నేలమీద గళ్లుగళ్లుగా చిన్న కాగితపు గుర్తులు అతికించియుందురు. ఒక్కొక్క గుర్తులోని నలుపు తెలుపు చదరములు ఒక్కొక్క తీరుగ నుండును. రోబో కడుపుక్రింద నున్న కెమెరా ఆ గుర్తును చదివి, తాను ఎచ్చట నున్నదో తెలిసికొనును. ఎచ్చటికి పోవలెనో కేంద్ర కంప్యూటరు చెప్పును. వట్టి చేతులతో పోవునప్పుడు అది నిలిచియున్న అలమారల క్రిందుగనే అడ్డదారిని పోగలదు. అలమారను మోయుచున్నప్పుడు మాత్రము వీథులవెంట పోవలెను. కంప్యూటరు ఒకదానిని ఆపి, ఒకదానిని పంపి, వందల యంత్రములకు కూడలిలోని పోలీసువలె దారి నిచ్చుచుండును. వానిలో ఒకటి చెడినచో దానిని ప్రక్కకు లాగి మఱొకదానిని దింపుదురు. వ్యాపారము పెరిగినచో మఱి కొన్నింటిని కొందురు. వెబ్‌వాన్ బెల్టులకు లేని గుణ మిదియే.

పనివాడు ఇప్పుడు ఒకచోట నిలిచియుండును. అలమార అతని యెదుటికి వచ్చి నిలుచును. ఏ యరలోని ఏ వస్తువును తీయవలెనో తెరమీద బొమ్మతో కనిపించును. అతడు దానిని తీసి పెట్టెలో వేయగానే అలమార తొలగిపోవును. వెనుక వేచియున్న మఱొక అలమార ముందుకు వచ్చును. వెళ్లిన అలమార తన పాతచోటికే పోవలెనని నియమము లేదు. త్వరలో మరల కావలసివచ్చునది దగ్గఱనే నిలుచును. ఎవరును కోరనిది క్రమక్రమముగా వెనుక వరుసలకు పోవును. ఇట్లు గిడ్డంగి ప్రతిదినమును తన్ను తానే సర్దుకొనుచుండును.

లోపల సరకులుంచు పద్ధతి యింకను విచిత్రముగ నుండును. పుస్తకములన్నియు ఒకచోట, బొమ్మలన్నియు ఒకచోట నుండవు. ఖాళీయున్న అరలో చేతికందిన వస్తువును పెట్టుదురు. పెట్టునప్పుడు దానిమీది గీతలగుర్తును చదివించి, ఏ యరలో నుంచినదియు కంప్యూటరుకు తెలుపుదురు. అందుచేత ఒకే యరలో నిఘంటువు, పళ్లకుంచె, బొమ్మగుఱ్ఱము ప్రక్కప్రక్కన నుండుట కలదు. చూచువారికి ఇది కంగాళీ. కాని ఇందు రెండు లాభములున్నవి. చోటు వ్యర్థము కాదు, పొరపాటును తగ్గును. ఒకేరకపు సబ్బులు పదియుంచినచో ఒకదానికి బదులు మఱొకటి తీయవచ్చును గాని, నిఘంటువునకు బదులు పళ్లకుంచెను ఎవరును తీయరు. ఒక్క కష్టము మాత్రము కలదు. కంప్యూటరు నిలిచిపోయినచో ఆ గిడ్డంగిలో దువ్వెన ఎచ్చట నున్నదో లోకములో ఎవరికిని తెలియదు.

2012లో అమెజాన్ సంస్థ 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కివాను కొనెను. ఆ యంత్రములను ఇతరులకు విక్రయించుట అటుపిమ్మట మానివేయగా, తక్కిన వ్యాపారులు తమ తమ యంత్రములను వెదకికొనవలసివచ్చెను. ఆ యవసరమునుండి పలు దేశములలో క్రొత్త సంస్థలు పుట్టినవి. మన దేశమున 2019లో ఫ్లిప్‌కార్ట్ సంస్థ బెంగుళూరులోని తన కేంద్రమున నూఱింటికి మించిన చిన్న రోబోలను ప్రవేశపెట్టెను. అవి ఒక్కొక్క పార్సెలును మోసికొనిపోయి, దానిమీది పిన్‌కోడు ననుసరించి తగిన కంతలో జారవిడుచును. 2025 జూలైలో అమెజాన్ తన గిడ్డంగులలోని రోబోల సంఖ్య పదిలక్షలకు చేరినదని ప్రకటించినది.

నడక తప్పినందున పనివారి కష్టము తీరినదని అనుకొనవచ్చును. అది పూర్తిగ నిజము కాదు. నడక పోయెను, నడకతోపాటు నడకలో దొరకు ఊపిరియు పోయెను. యంత్రమునకు అలసట లేదు. ఒక అలమార తొలగకముందే మఱొకటి సిద్ధముగ నుండును. ఒకేచోట నిలిచి, ఒకేరీతిగ వంగుచు, చాచుచు, తిరుగుచు గంటలకొలది పనిచేయువానికి భుజములును నడుమును నొచ్చును. గంటకు ఎన్ని వస్తువులను తీసినదియు కంప్యూటరు లెక్కించుచునే యుండును. 2020లో అమెరికాలోని ఒక పరిశోధక వార్తాసంస్థ అమెజాన్ లోపలి లెక్కలను బయటపెట్టి, రోబోలున్న గిడ్డంగులలోనే గాయములు ఎక్కువగా నున్నవని వ్రాసెను. సంస్థ ఆ నిర్ణయము నంగీకరింపలేదు. కాని వాదము అంతటితో నాగలేదు. 2021లో కాలిఫోర్నియా రాష్ట్రము గిడ్డంగిపనివారి కొఱకు ఒక చట్టము చేసెను. అది 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. గంటకు ఇంత పని చేయవలెనను లెక్కను పనివానికి ముందుగా వ్రాతమూలమున తెలుపవలెననియు, భోజనమునకును, విశ్రాంతికిని, మూత్రశాలకు పోవుటకును వీలులేనంతగా ఆ లెక్కను పెంచరాదనియు ఆ చట్టము చెప్పుచున్నది. ఇంత స్పష్టమైన విషయమును చట్టములో వ్రాయవలసివచ్చినదనుట గమనింపదగినది.

అలమారలు నడచు గిడ్డంగికి భిన్నమైన పద్ధతి యొకటి నార్వేలో పుట్టెను. అచ్చటి హాటెలాండ్ అను ఎలక్ట్రానిక్ వస్తువుల వ్యాపారసంస్థకు 1990 ప్రాంతములలో గిడ్డంగి చాలకుండెను. దాని సాంకేతికాధికారి ఇంగ్వార్ హోగ్నలాండ్ అరలను పరిశీలించి, తాము దాచుచున్నది ముఖ్యముగా గాలియే యని గ్రహించెను. అరకు పైన ఖాళీ. అలమారకు ప్రక్కన మనిషి నడచుటకు ఖాళీ. ఈ ఖాళీలన్నియు తీసివేసి, పెట్టెలను ఒకదానిమీద ఒకటి దొంతరలుగా పేర్చి, దొంతరలను ఒకదానికొకటి ఆనించి నిలిపినచో? మనిషి లోపలికి పోజాలడు. కావున ఆ దొంతరల నెత్తిమీద గళ్ల పట్టాలు పఱచి, వానిమీద చక్రముల యంత్రములను నడిపిరి. బావిలోనికి చేద దింపినట్లు యంత్రము పట్టుకొయ్యను దింపి, పెట్టెను పైకి లాగికొనును. ఆటోస్టోర్ అను ఈ పద్ధతికి బీజము 1996లో పడినది.

కావలసిన పెట్టె అడుగున నున్నచో నేమి చేయుదురు? పైనున్నవానిని తీసి ప్రక్కన పెట్టవలసినదే. ఇది మొదట మందపని యని తోచును. కాని బయటికి వచ్చిన పెట్టె తిరిగి పైననే చేరును గాని అడుగునకు పోదు. అందుచేత తఱచుగా కావలసినవి కొంతకాలమునకు తమంతట తామే పైకి తేలును. కోరువారు లేనివి అడుగున మిగులును. మన యిండ్లలో అటకమీది సామానుల స్థితి ఇదే. దినదినము వాడు గిన్నె ముందు కూర్చుండును. పెండ్లికి పేరంటమునకు తీయు గంగాళము గోడ నంటి వెనుక కూర్చుండును. ఎవరును అట్లు సర్దవలెనని సర్దలేదు.

ఇంగ్లండులో ఒకాడో అను కిరాణా సంస్థ ఇట్టి గళ్ల గిడ్డంగినే ఆండోవర్ పట్టణమున నడపెను. అచ్చట వందలకొలది యంత్రములు సెకనుకు 4 మీటరుల వేగముతో, ఒకదానికొకటి కొన్ని మిల్లీమీటరుల యెడముతో పరుగెత్తుచు, 50 వస్తువుల ఆర్డరును అయిదు నిమిషములలో సమకూర్చుచుండెడివి. 2019 ఫిబ్రవరిలో ఒక యంత్రము బాటరీని నింపుకొనుచోట విద్యుల్లోపము కలిగి, దాని ప్లాస్టిక్ మూత అంటుకొనెను. ఖాళీ లేకుండ పేర్చిన దొంతరలలోనికి అగ్ని దిగినది. చోటు వ్యర్థము కాకూడదని చేసిన యేర్పాటే ఇప్పుడు ప్రతికూలమయ్యెను. మంటకడకు మనిషి పోవుటకు దారి లేదు. వందలమంది అగ్నిమాపకదళమువారు దినములతరబడి శ్రమించినను గిడ్డంగి దక్కలేదు. చుట్టుప్రక్కల నివసించువారిని ఇండ్లు ఖాళీచేయించిరి. సంస్థ ఆ ప్లాస్టిక్ మూతలను తొలగించుటకు పూనుకొని, గిడ్డంగిని మరల కట్టి 2021లో తెఱచెను. అదే సంవత్సరము జూలైలో లండన్ ప్రక్కనున్న ఎరిత్ గిడ్డంగిలో మూడు యంత్రములు ఢీకొని మరల నిప్పు పుట్టినది. ఈసారి అది త్వరగ అణగి, కొన్ని దినములలోనే పని సాగెను.

ఇంతవఱకు చెప్పిన యంత్రములు మోయును, ఎత్తును, దింపును, పరుగెత్తును. పెట్టెలోనుండి వస్తువును తీయు పని మాత్రము చాలకాలము మనిషిచేతికే మిగిలినది. మూటలోని ఉల్లిపాయను, మెత్తని బొమ్మను, జాఱు సీసాను, మడతపడిన చొక్కాను తీయుట మనకు ఆలోచింపవలసిన పనియే కాదు. చేయి పెట్టినంతనే వ్రేళ్లు తమ పట్టును తామే మార్చుకొనును. యంత్రమునకు ఇది మహాకార్యము. 2015లో అమెజాన్ అమెరికాలోని సియాటిల్ నగరమున దీనికై ఒక పోటీ పెట్టెను. అర ముందు రోబోను నిలిపి, చెప్పిన 12 వస్తువులను ఏఱి పెట్టెలో వేయించవలెను. గడువు 20 నిమిషములు. ప్రపంచపు మేటి ప్రయోగశాలలు పాల్గొన్న ఆ పోటీలో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయపు జట్టు 10 వస్తువులను తీసి మొదటి బహుమానము పొందినది. ఆ పనిని ఎనిమిదేండ్ల బాలిక ఒక్క నిమిషములో చేయగలదు.

ఆ పోటీ తరువాత పదేండ్లకు, 2025 మే నెలలో, అదే సంస్థ వల్కన్ అను యంత్రమును లోకమునకు చూపినది. దాని చేతికి స్పర్శజ్ఞానము వంటిది కలదు. పట్టిన వస్తువుమీద ఎంత ఒత్తిడి పడుచున్నదో కొలిచికొని, పట్టును సడలించును, బిగించును. అమెరికాలోని స్పొకేన్‌లోను, జర్మనీలోని హాంబర్గులోను దానిని పనిలో పెట్టిరి. గిడ్డంగిలోని వస్తువులలో నాలుగింట మూడువంతులను అది తీయగలదని సంస్థ చెప్పుచున్నది. అలమార పైవరుసను అందుకొనుటకు పనివారు చిన్న నిచ్చెన ఎక్కవలెను. క్రిందివరుసకు నడుము వంచవలెను. ఆ రెండు వరుసలను యంత్రమున కప్పగించి, నడుమ వరుసలను మనుష్యులకు విడిచిరి. తనకు సాధ్యముకాని వస్తువు ఎదురైనప్పుడు యంత్రము దానితో పెనగులాడక, మనిషిని పిలుచును.